సరుకుకు నాలుగు స్టార్లు, జీతం లెక్కకు ఒకటి

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో ఉన్న ఈ బట్టల దుకాణంలో నేను మూడేళ్లు అమ్మకాల కౌంటరులో పనిచేశాను. సరుకు మంచిదే, బరంపురం పట్టుచీరల విషయంలో కొనేవారిని మోసగించడం నేనెన్నడూ చూడలేదు. నా అభ్యంతరమంతా పని మానేసినవారి లెక్క తేల్చే తీరు మీదే.

చెల్లెలి పెళ్లికి యజమాని తన సొంత డబ్బు 18,000 రూపాయలు చేబదులుగా ఇచ్చారు, ఆ మేలు మరచిపోలేను. నెలకు 2,000 చొప్పున ఐదు నెలలు తీర్చాను. నేను మానేసినప్పుడు మాత్రం, మిగిలిన 8,000 సాకుగా చూపి, చివరి నెల జీతం 11,000 మొత్తం ఆపేశారు. అప్పంతా మినహాయించుకున్నా నాకు 3,000 రావాలి కదా అని అడిగితే, ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరిచి, నా పేరు కింద పెన్సిలుతో రాసిన ‘వడ్డీ’ అన్న ఒక్క మాట చూపించారు. దాని ఎదుట అంకె లేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, రాజీనామా చేసినవారికి రెండు పని దినాల్లో జీతం చెల్లించాలి. కోతలన్నీ కలిపినా ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. పైగా ఇది దుకాణం ఇచ్చిన అడ్వాన్సు కాదు, చేబదులు. దాన్ని జీతానికి ముడిపెట్టడమే సరికాదని నా అభిప్రాయం.

కార్మిక శాఖకు ఒడియాలో రాసుకున్న అర్జీ చూపించాక 5,500 చేతికిచ్చారు. మిగతా సగం అప్పులో జమ వేసుకున్నట్లు రసీదు అడిగితే, “మనలో మనకు రసీదులేమిటి బాబూ” అన్నారు.