ఎలిఫెంట్ హిల్ రాళ్ల మీద రూబికాన్: కొన్నేళ్లు నడిపాక

యూటాలో ఉంటూ కొన్నేళ్లుగా నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ రూబికాన్ నడుపుతున్నాను. మోయాబ్ చుట్టుపక్కల చాలా దారులు తిరిగాను కానీ, దీని సత్తా ఏమిటో నాకు తెలిసింది కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు నీడిల్స్ వైపున్న ఎలిఫెంట్ హిల్ దారిలోనే.

కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది హార్స్‌పవర్ ఎంతని. 3.6 లీటర్ల వీ6 ఇంజన్, 285 హార్స్‌పవర్. రాళ్ల మీద దాంతో పెద్దగా పనిలేదు, అక్కడ కావాల్సింది నెమ్మది. అందుకు లో రేంజ్ ఉంటుంది, అంటే వేగం తగ్గించి చక్రాలకి బలం పెంచే అదనపు గేరు. మిగతా రాంగ్లర్లలో మామూలుగా దాని నిష్పత్తి 2.72 అయితే రూబికాన్‌లో అది 4. ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ లో రేంజ్‌లో ఉండగా, మొదటి గేరు వేస్తే బండి మనిషి నడకకన్నా నిదానంగా పాకుతుంది, అయినా చక్రాలకి బలం తగ్గదు. అదనంగా డబ్బు పెట్టేది దీనికే అని నా అభిప్రాయం.

ఎలిఫెంట్ హిల్‌లో పార్కింగ్ దాటీ దాటగానే ఎక్కుడు మొదలు. మెట్లు మెట్లుగా బండరాయి, దాని మీద కాలు జారే రాళ్లముక్కలు. ముందు చక్రం ఒక మెట్టు ఎక్కేసరికి వెనక చక్రాల్లో ఒకటి గాల్లోకి లేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉంటే ఆ లేచిన చక్రమే గిరగిరా తిరుగుతూ ఉంటుంది, బండి కదలదు. దాన్ని బిగించేసే లాకర్ బటన్ నొక్కితే ఎడమ, కుడి చక్రాలు రెండూ కలిసి తిరుగుతాయి. నేల మీదున్నది రాయిని పట్టుకుంటుంది, బండి ఒక్క కుదుపుతో పైకొస్తుంది. నేను చాలావరకు వెనక లాకర్‌తోనే నెట్టుకొస్తాను. ముందుది కూడా వేస్తే స్టీరింగ్ బిగుసుకుపోయి మలుపు తిప్పడం కష్టమవుతుంది.

అసలు టెన్షన్ దిగేటప్పుడు. ఒకచోట మలుపు ఎంత ఇరుకంటే, తిప్పుకోవడానికి చోటు లేక తర్వాతి ముక్క రివర్స్‌లోనే దిగాలి. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 118.4 అంగుళాలు కాబట్టి రెండు తలుపుల బండికున్న సుఖం దీనికి లేదు. వెనక కెమెరాలో రాయి కనిపిస్తుంది గానీ దాని పక్కన ఎంత లోతుందో తెలియదు. అందుకే మా ఆవిడ దిగి కింద నిలబడి సైగలు చేస్తుంది. చెప్పేది ఒక్కళ్లే, అదీ చేతితోనే. ఆమె అద్దంలో కనబడకపోతే నేను బ్రేకు మీంచి కాలు తియ్యను. తోడు లేకుండా ఈ దారికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

టైర్ల సంగతి. 33 అంగుళాల ఆల్ టెర్రెయిన్ టైర్లలో గాలి 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా దించుతాను. అప్పుడు రబ్బరు మెత్తబడి రాతి అంచు మీద ముద్దలా పరుచుకుంటుంది, పట్టు దొరుకుతుంది, నడుం కూడా బతుకుతుంది. మామూలు రిమ్ములతో 15 కన్నా కిందికి వెళ్లకపోవడం మంచిది, టైరు ఊడొచ్చే ప్రమాదముంది. తిరిగి గాలి నింపడానికి మొదట కొన్న చవక కంప్రెసర్ రెండో టైరుకే వేడెక్కి ఆగిపోయేది. ఇప్పుడు నేరుగా బ్యాటరీకి తగిలించేది వాడుతున్నాను, దీంతో ఆ బాధ లేదు.

ఈ దారికి ముందే పర్మిట్ తీసుకోవాలి. లోపల బండి చెడితే బయటికి లాక్కురావడానికి వెయ్యి డాలర్లు దాటుతుందని పార్కువాళ్లే హెచ్చరిస్తారు. దారి పక్కన నల్లగా, గరుకుగా కనిపించే మట్టిపొర సూక్ష్మజీవులతో బతికున్నది. ఒక్క చక్రం దాని మీదికి ఎక్కినా కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఎదురు బండికి చోటివ్వాలన్నా సరే, దయచేసి దారి దిగకండి.

పెట్టెలాంటి ఆకారం, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న ఏ బండికైనా హైవే మీద గాలి హోరు, స్టీరింగ్ ఊగిసలాట తప్పవు. రోజూ ఆఫీసుకి దూరం వెళ్లేవాళ్లు కొనేముందు ఓ గంట ఫ్రీవే మీద నడిపి చూసుకోండి. నెలకోసారైనా రాళ్లలోకి వెళ్లేవాళ్లయితే సందేహం లేకుండా తీసుకోవచ్చు. ఇద్దరే తిరిగేవాళ్లకి మాత్రం రెండు తలుపులదే నయం.