కీ ఇచ్చే కిచెన్ టైమర్: ఆరు నెలలు వాడాక

సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర ఒక స్టీలు సామాన్ల కొట్లో కొన్నాను, 260 రూపాయలు. అరచేతిలో ఇమిడే తెల్లటి గుండ్రటి డబ్బా. చుట్టూ 60 దాకా అంకెలు, వెనక అయస్కాంతం. బ్యాటరీ లేదు, కంపెనీ పేరూ లేదు. పప్పు మాడకుండా చూసుకోవడానికని కొన్నాను కానీ ఇప్పుడు వంటకి వాడేది తక్కువ.

మా ఇంట్లో పెద్ద పనులు ఆగవు. ఆగేవన్నీ చిన్నవే. జాకెట్టుకి హుక్కు కుట్టడం, బాత్రూం గడియకి స్క్రూ బిగించడం, పాప స్కూలు ఫారం నింపడం. ఒక్కోటి ఐదు నిమిషాల పని. రేపు చూద్దాంలే అనుకుంటే నెలలు గడిచిపోతాయి, పైగా రోజంతా అవే మనసులో తిరుగుతుంటాయి.

పోయినేడాది నాన్న లైఫ్ సర్టిఫికెట్ సంగతీ అంతే అయింది. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, పెన్షన్ ఆగకుండా ఉండాలంటే బతికే ఉన్నట్టు చూపే ఈ సర్టిఫికెట్ ఏటా నవంబరులో ఇవ్వాలి. మూడో తారీఖున గుర్తుచేస్తే నేను తీసుకెళ్లింది 29న. మోకాళ్ల నొప్పులతో రెండు గంటలు లైన్లో నిలబడ్డారు. నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు రోజూ రాత్రి అంట్లు తోమాక టైమర్ 15 దగ్గర పెడతాను. అది మోగేదాకా ఇలాంటి పనులే, ఏది కంటబడితే అది. ఇంతకుముందు ఫోన్‌లో అలారం పెట్టి చూశాను. ఫోన్ చేతిలోకి తీసుకుంటే వాట్సాప్ తెరుచుకుంటుంది, పని సంగతి మరిచిపోతాను. దీనిలో టిక్ టిక్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అది వినిపిస్తున్నంతసేపూ కూర్చోబుద్ధి కాదు.

ఈ నవంబరు రెండున టైమర్ తిప్పి నాన్నని ట్యూబ్‌లైట్ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఫోన్‌లోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్, దానితోపాటు కావాల్సిన ఆధార్ ఫేస్ యాప్ ముందు రోజే వేసుకున్నాను. యాప్ నడిపేది నేను కాబట్టి మొదట నా ముఖం అడిగింది, తర్వాత నాన్న పీపీఓ (పెన్షన్ ఆర్డరు) నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు. "కళ్లద్దాలు తీసి ఒకసారి రెప్ప వేయండి నాన్నా" అన్నాను. టైమర్లో ఇంకా నాలుగు నిమిషాలు ఉండగానే ప్రమాణ్ ఐడీతో, అంటే ఆ సర్టిఫికెట్ నంబరుతో, మెసేజ్ వచ్చింది. "ఇంతేనా అమ్మా?" అన్నారు. ఫోన్‌లో ముఖం చూపించే ఈ పద్ధతి 2021 నుంచే ఉంది. పోయినేడాది కూడా ఇంట్లోనే అయిపోయేది.

లోపాలు ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు గట్టిగా వేస్తే టైమర్ జారి పడుతుంది, నేను డబుల్ టేప్ వేశాను. గంట మూడు నాలుగు సెకన్లే మోగుతుంది, పెరట్లో ఉంటే వినపడదు. 15 నిమిషాలకి అరనిమిషం అటూ ఇటూ అవుతుంది, నా పనికి పర్వాలేదు. ముఖ్యమైనది ఇంకొకటి: పది నిమిషాల లోపు పెట్టాలంటే నేరుగా ఐదు దగ్గరికి తిప్పకూడదు. ముందు 60 దాకా పూర్తిగా తిప్పి, మళ్లీ వెనక్కి తేవాలి. లేకపోతే స్ప్రింగ్ సరిగ్గా బిగుసుకోదు, గంట మోగకుండానే ఆగిపోతుంది. మొదటి వారం అది తెలియక పాడైందేమో అనుకున్నాను, కొట్టాయన తిప్పి చూపించాడు.

కొనేటప్పుడు కొట్లోనే తిప్పి, గంట మోగేదాకా ఆగి వినండి. అన్నయ్య వాళ్లకి ఇంకోటి తీసుకుంటూ మూడు చూశాను, ఒకటి మధ్యలోనే ఆగిపోయింది.