నుమాయిష్‌లో ఒక శనివారం: ఏ దుకాణం ముందు ఆగాలి?

హైదరాబాదులో జనవరి నెలలో ఎవరైనా "ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చారా?" అని అడిగితే, ఏ ఎగ్జిబిషన్ అని తిరిగి అడిగేవాళ్లు ఉండరు. నాంపల్లి మైదానంలో మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా 46 రోజుల పాటు సాగే అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అసలు పేరు ఆహ్వాన పత్రాల మీదే మిగిలిపోయింది. ఊరందరికీ అది ఎగ్జిబిషన్, లేదంటే నుమాయిష్. ఈసారి మా అమ్మ, నేను, మావారు, ఎనిమిదేళ్ల మా పాప కలిసి ఒక శనివారం సాయంత్రం వెళ్లాం. చలికాలపు వారాంతంలో ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లాలనుకునేవారికి ఇది ఎంతవరకు సరిపోతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు కొంచెం పాత సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను ఈ ప్రదర్శనను కొలిచే కొలబద్ద అందులోనే ఉంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు, సంస్థానపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయడానికి కావలసిన డబ్బు కూడబెట్టుకోవాలన్న ఆలోచనతో, పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శన పెట్టారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ప్రారంభించారు. అప్పటి పేరు 'నుమాయిష్ మస్నూఆతే ముల్కీ', అంటే ఈ నేల మీద తయారైన వస్తువుల ప్రదర్శన. జనం పెరిగి తోట చాలకపోవడంతో 1946లో ఇప్పటి మైదానానికి మారింది. 1947, 1948లలో జరగలేదు. 1949లో మళ్లీ మొదలైనప్పుడు అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు, 'అఖిల భారత' అన్న మాట పేరులో చేరిందీ అప్పుడే. అంటే ఇది పుట్టింది ఎక్కడో తయారైన సరుకును తెచ్చి అమ్ముకోవడానికి కాదు, ఇక్కడి చేతులు ఏం చేయగలవో చూపడానికి. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ చేతులు కనిపిస్తున్నాయా లేదా అన్నది నేను ప్రతి దుకాణం ముందూ వేసుకున్న ప్రశ్న.

వెళ్లడం గురించి రెండు మాటల్లో ముగిస్తాను. మెట్రోలో వెళ్లండి. మియాపూర్, ఎల్‌బీ నగర్ మధ్య నడిచే ఎర్ర మార్గంలో నాంపల్లి స్టేషన్‌లోనో గాంధీభవన్ స్టేషన్‌లోనో దిగితే గేటు నడక దూరమే. కారు తీసుకుపోవడం అంటే సాయంత్రంలో సగం పార్కింగ్‌కి రాసిచ్చినట్టే. గేట్లు నాలుగింటికి తెరుస్తారు, 2025లో టికెట్ 50 రూపాయలు. నాలుగున్నరకి లోపల ఉండగలిగితే ఎండ ఇంకా ఉంటుంది, రంగులు వాటి అసలు వన్నెలో కనిపిస్తాయి, దుకాణదారుకి మాట్లాడే ఓపికా ఉంటుంది. ఏడు దాటిందంటే, అందులోనూ ఆదివారమైతే, మనం నడవం, జనం మనల్ని నడిపిస్తారు.

మా అమ్మది నల్లగొండ వైపు ఊరు. చేనేత ఇళ్ల నడుమ పెరిగిన మనిషి కాబట్టి, పోచంపల్లి చీరల దుకాణం కనిపించగానే ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. దుకాణంలో ఉన్నాయన నేతన్నే. వేలి కొసల్లో దిగిపోయిన నీలి మరక చూసి అమ్మ ఆ సంగతి కనిపెట్టింది. ఆయన ఒక ముదురు ఎరుపు చీర పరిచి ధర చెప్పబోతుంటే, అమ్మ అదేమీ పట్టించుకోకుండా కొంగు తిరగేసి వెలుతురులోకి పట్టింది. ఆయన నవ్వి, "తిప్పి చూడుండ్రి పెద్దమ్మా, రెండు దిక్కుల ఒక్క తీర్గనే ఉంటది," అన్నారు.

నిజంగానే అలాగే ఉంది. ఇకత్ అనే ఈ నేతలో రంగు బట్టకు వేసేది కాదు, నూలుకు వేసేది. నేయకముందే నూలును సాగదీసి, డిజైను ప్రకారం ఎక్కడెక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ సైకిల్ ట్యూబు రబ్బరును సన్నగా కోసిన పట్టీలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పి, మరోచోట కట్టి మరో రంగులో ముంచుతారు. మగ్గం మీద ఆ పోగులు ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు చిలకో, ఏనుగో, వజ్రాకారపు గళ్లో తేలతాయి. పోగు వెంట్రుక వాసి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఆ బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు, తడి కాగితం మీద సిరా చుక్క పాకినట్టు కొంచెం అలుక్కున్నట్టు ఉంటాయి. అచ్చు వేసిన నకలు బట్టకు అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, వెనక్కి తిప్పితే రంగు వెలిసినట్టు పాలిపోయి కనిపిస్తుంది. ఇకత్ పేరుతో ఏది కొన్నా చేయాల్సిన పరీక్ష ఇదొక్కటే, దానికి పైసా ఖర్చు లేదు.

మాటల్లో ఆసు ప్రస్తావన వచ్చింది. చీర నేయడానికి ముందు మేకుల చుట్టూ వేల సార్లు చేయి తిప్పుతూ పోగును పోసే పని అది, ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల భుజాల మీద పడేది. ఆ భుజం నొప్పి చూడలేక తల్లి లక్ష్మి పేరు మీద ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ వచ్చిందని మా పాపకు చెప్పాను. "అయితే ఆ మిషన్ వచ్చాక వాళ్లమ్మకు చేయి నొప్పి తగ్గిందా?" అని అది ఆ నేతన్ననే అడిగింది. ఆయన తన భార్యకు తగ్గిందని జవాబిచ్చారు. బడిలో ఒక పీరియడంతా చెప్పినా ఎక్కని పాఠం ఆ ఒక్క జవాబుతో ఎక్కింది. నా లెక్కలో టికెట్ డబ్బులు అక్కడికే చెల్లిపోయాయి.

పాప కోసం వెతికింది కొండపల్లి బొమ్మలు. తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మను పాప అరచేతిలో పెట్టుకుని, ఇంత పెద్దగా ఉండి ఇంత తేలికేమిటని ఆశ్చర్యపోయింది. అదే పొణికి కర్ర గుణం. పక్కనే ఏటికొప్పాక లక్కబొమ్మలు ఉన్నాయి. అవి అంకుడు కర్రతో చేసేవి. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదిమిపెడితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పూతలా పట్టుకుంటుంది. గట్టిగా, నున్నగా ఉంటాయి కాబట్టి కింద పడేసి ఆడే పిల్లలకు ఇవే మేలు. కొండపల్లి బొమ్మ అలమారలో పెట్టుకుని చూసుకునేది. రెండింటి తేడా తెలియక చిన్నపిల్లల చేతికి కొండపల్లి బొమ్మ ఇచ్చి, విరిగాక బాధపడే వాళ్లను చాలామందిని చూశాను.

కశ్మీరు దుకాణాలు ఈ ప్రదర్శనకు ప్రాణం అని చాలామంది అంటారు. శాలువలు, ఫిరన్‌లనే వదులైన పొడుగు అంగీలు, అక్రోట్లు, కుంకుమ పువ్వు, ఇవన్నీ హైదరాబాదు వాళ్లకు ఏటా జనవరిలో ఇంటి ముందుకు వచ్చిన చుట్టాల్లాంటివి. ఇక్కడి చలికి ఆ శాలువలు అవసరమా అంటే అవసరం లేదు, అయినా కొంటాం. పశ్మీనా అని చెప్పినదల్లా పశ్మీనా కాదు. లడాఖ్ చాంగ్‌థాంగ్ మేకల మెత్తని ఉన్నితో చేత్తో నేసిన శాలువ కొన్ని వందలకు రావడం జరిగే పని కాదు. తక్కువ ధరకు మంచి ఊలు శాలువ అనుకుని కొనుక్కుంటే ఇద్దరికీ గౌరవం. చికన్ అనే ఎంబ్రాయిడరీ చేసిన లక్నో కుర్తాలకు మాత్రం మా అమ్మ పద్ధతే పనికొస్తుంది. లోపలి వైపు తిప్పితే చేతి కుట్టుకు ముడులు, దారం కొసలు, ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టుకు దూకిన పోగులు ఉంటాయి. మిషన్ కుట్టుకు వెనక కూడా ఒకే వరసలో దారం పరుగెత్తి ఉంటుంది.

ఇవి కాక ప్లాస్టిక్ డబ్బాలు, కూరగాయలు తరిగే పరికరాలు, ఇయర్‌ఫోన్లు, ఏది తీసుకున్నా ఒకే ధర అనే గుట్టలు కూడా వరసలుగా ఉంటాయి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఎవరి అవసరం వాళ్లది. ఆ సరుకు ఫోన్ తెరిచినా దొరుకుతుంది కాబట్టి నేను అక్కడ కాలు ఆపను. కిందటేడు ఇంకెక్కడో ఒక మేళాలో, చేతి అచ్చు అన్న మాట నమ్మి దుప్పటి కొన్నాను. మొదటి ఉతుకులోనే మావారి తెల్లచొక్కాలన్నీ లేత గులాబీ రంగుకు తిరిగాయి. ఆయన ఆ చొక్కాల్లో ఒకటి వేసుకునే నుమాయిష్‌కి వచ్చారు, నాకు గుర్తు చేయడానికే అనుకుంటాను.

తిండి విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. కడుపు నింపుకోవడానికి కాదు, చలిలో చేతులు వెచ్చబెట్టుకోవడానికి తినాలి. వేడివేడి మిరపకాయ బజ్జీ, పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం, ఆ తరువాత ఒక కప్పు కశ్మీరీ కావా ఉంటే చాలు. మావారు హలీం గిన్నెతో పక్కకు తప్పుకుని మాకు కనిపించకుండా పోయారు. మా చిన్నప్పుడు అమ్మ ఇంటి నుంచి పులిహోర డబ్బా కట్టుకొచ్చి, గడ్డి మీద దుప్పటి పరిచి అందరికీ పెట్టేది. ఇప్పుడు ఆ ఓపిక నాకు లేదు, పాపకు పీచుమిఠాయి తప్ప వేరే ధ్యాస లేదు.

ఆటల్లో జెయింట్ వీల్, పిల్లల రైలు, రంగులరాట్నం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎక్కిన ప్రతిసారీ మళ్లీ టికెట్ కొనాలి కాబట్టి పిల్లలతో ముందే రెండో మూడో అని ఒప్పందం చేసుకుని లోపలికి వెళ్లండి. మౌత్ కా కువా మాత్రం వేరే జాతి. నిలువు చెక్కగోడల బావిలో మోటారుసైకిలు గిరగిరా తిరుగుతూ పైకి ఎగబాకుతుంటే, మనం నిలబడ్డ పలకలు కాళ్ల కింద వణుకుతాయి, పెట్రోలు వాసన ముక్కుకి తగులుతుంది. వేగం తగ్గితే రాపిడి చాలదు, బండి జారుతుంది. అందులో రహస్యం అంతే, అయినా ఆ సంగతి తెలిసిన మావారే అందరికన్నా గట్టిగా రెయిలింగ్ పట్టుకున్నారు. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను దూరంగా ఉంచండి. మా అమ్మ బయట బల్ల మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంది.

2019 జనవరి 30 రాత్రి ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా దుకాణాలు కాలిపోయాయి, ప్రాణనష్టం మాత్రం జరగలేదు. ఆ తరువాత అగ్నిమాపక ఏర్పాట్లు పెంచారు. మనవైపు నుంచి చేయగలిగింది, లోపలికి రాగానే దగ్గరలో ఉన్న గేటు ఏదో చూసుకోవడం, పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టడం. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో వినిపించినప్పుడల్లా మా అమ్మ చేయి దానంతటదే పాప భుజం మీదికి పోయేది.

దుకాణాల అద్దె, టికెట్ల డబ్బు ఎక్కడికి పోతుందన్నది కూడా కొనేవాళ్లు తెలుసుకోదగిన సంగతే. ప్రదర్శన నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఈ మైదానం ఆవరణలోనే ఉన్నాయి. మా పెద్దమ్మ కూతురు చదివింది ఆ పాలిటెక్నిక్‌లోనే, జనవరి వచ్చిందంటే క్లాసు కిటికీలోంచి జెయింట్ వీల్ బిగించడం చూస్తూ కూర్చునేవాళ్లమని చెప్పేది. ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక రోజు, పిల్లలకు ఒక రోజు కేటాయించే అలవాటు ఉంది. ఉర్దూ కవిత్వం మీద ఇష్టం ఉన్నవారు నుమాయిష్ ముషాయిరా తేదీ కనుక్కుని వెళ్లడం మంచిది, అర్థం కాకపోయినా ఆ వాహ్వాల నడుమ కూర్చోవడమే ఒక సరదా.

మధ్యాహ్నమే బయలుదేరగలిగితే, ఈ ప్రదర్శన పుట్టిన పబ్లిక్ గార్డెన్స్ దగ్గరలోనే ఉంది. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూపించి పిల్లలను అక్కడి నుంచి ఇటు తీసుకురావచ్చు. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

మేము తొమ్మిదిన్నరకి గాంధీభవన్ మెట్రో మెట్లు ఎక్కాం. పాప చేతిలో తాడిచెట్టు బొమ్మ, నా సంచిలో ఒక చికన్ కుర్తా, మావారి చొక్కా మీద కొత్తగా హలీం మరక. అమ్మ చేతులు మాత్రం ఖాళీ. ఆ ఎర్ర చీర బేరం తెగక వదిలేసిందనుకుని జాలిపడ్డాను. రైల్లో కూర్చున్నాక కొంగు ముడి విప్పి, నేతన్న ఫోన్ నంబరు రాసిచ్చిన కాగితం ముక్క చూపించింది. "ఫిబ్రవరి రెండో వారంలో వస్తనని చెప్పిన, మూట గట్టుకునే ముందు ఇంకింత తగ్గిస్తడు. నా చీర తీసి పక్కన పెట్టమన్న," అంది. రెండోసారికి టికెట్లు నన్నే తీయమంది.