ఆరేళ్లు వాడిన గ్లూకోమీటర్, మధ్యలో ఒక స్ట్రిప్‌ల రీకాల్

నాన్నకి రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టిన వారంలోనే ఈ గ్లూకోమీటర్ కొన్నాం. ఆరేళ్లు దాటింది. రోజుకి రెండు పరీక్షల చొప్పున వేసుకున్నా నాలుగు వేలు పైమాటే. బ్యాటరీ మూత ఊడిపోతే టేపు అంటించాం, అంతకుమించి మెషీన్ ఏ రోజూ మొరాయించలేదు. అంకెలు పెద్దవి కాబట్టి కళ్లజోడు లేకుండానే నాన్న చదువుకుంటారు. మీటర్‌లో పెట్టే స్ట్రిప్ అనే చిన్న పట్టీకి చిన్న చుక్క రక్తం చాలు, ఐదు సెకన్లలో రీడింగ్ వస్తుంది. దాంతోపాటు ఇచ్చిన, వేలు గుచ్చే లాన్సెట్ పెన్ను మాత్రం దండగ, స్ప్రింగు మొదటి ఏడాదే పోయింది.

ఇక్కడితో ఆపగలిగితే ఐదుకి నాలుగున్నర ఇచ్చి ఊరుకునేదాన్ని. రెండేళ్ల క్రితం ఒక కొత్త స్ట్రిప్‌ల డబ్బా తెరిచాక పరగడుపు షుగర్ వరసగా 150 పైన రావడం మొదలైంది. తిండి మారలేదు, నడక మారలేదు. డాక్టర్ గారు ముందే చెప్పి ఉంచిన లెక్క ప్రకారం ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచాం. కొన్నాళ్లకి ఇంకో రెండు.

ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి చూస్తే నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. బనియను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నీళ్ల గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. వెంటనే వేలు గుచ్చి చూశాను, 96. "బాగానే ఉందిగా అమ్మా, ఉక్కపోతేమో, పోయి పడుకో" అన్నారు. ఫ్యాను ఫుల్లుగా తిరుగుతోంది మరి. షుగర్ పడిపోయిందేమోనని నాకు మనసొప్పలేదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకి వణుకు తగ్గింది.

మర్నాడు పరగడుపున ల్యాబ్‌కి తీసుకెళ్లి, అక్కడ రక్తం తీస్తుండగానే మా మీటర్‌తోనూ చూశాను. ల్యాబ్ రిపోర్టు 104, మాది 143. ఇంట్లో వాడే మీటర్లకి కొంత తేడా ఒప్పుకుంటారు. 2013 నాటి ఐఎస్ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం షుగర్ 100, ఆపైన ఉంటే నూటికి 95 రీడింగులు 15 శాతం లోపు తేడాతో రావాలి. 104కి 120 వచ్చినా సర్దుకోవచ్చు. 143 అంటే 37 శాతం ఎక్కువ. అదే తేడా ఆ రాత్రికి వేసి చూస్తే, మీటర్ చూపిన 96 నిజానికి 70 దగ్గర ఉండి ఉండాలి. లెక్క వేశాక నా చేతులు కూడా వణికాయి.

తప్పు మీటర్‌దా, స్ట్రిప్‌లదా? దీన్ని తేల్చడానికే కంట్రోల్ సొల్యూషన్ ఉంటుంది. షుగర్ ఎంతో ముందే తెలిసిన ద్రవం అది, రక్తానికి బదులు ఒక చుక్క పెడితే స్ట్రిప్‌ల డబ్బా మీద అచ్చేసిన రేంజిలో రీడింగ్ రావాలి. మీటర్‌తో వచ్చిన సీసా మేం ఏనాడూ మూత తియ్యలేదు, ఎక్స్‌పైరీ కూడా అయిపోయింది. కొత్తది తెప్పించి చూస్తే ఆ డబ్బా స్ట్రిప్‌కి రేంజి దాటి చాలా పైకి పోయింది. వేరే లాట్‌ది, అంటే వేరే విడతలో తయారైన డబ్బా తెరిచి పెడితే చక్కగా రేంజిలో కూర్చుంది. అంటే మెషీన్ నిర్దోషి.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ముందు అడిగింది లాట్ నంబరు. చెప్పగానే, "అది రీకాల్‌లో ఉందండీ" అన్నారు, అదేదో అందరికీ తెలిసిన విషయంలా. ఆ లాట్ స్ట్రిప్‌లు వెనక్కి తీసుకుంటున్నామని మూడు వారాల ముందే వెబ్‌సైట్‌లో పెట్టారట. రోజూ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి చూసే షుగర్ పేషెంటు ఎవరుంటారు! మా తప్పూ ఉంది, కొన్నప్పుడు మీటర్‌ని రిజిస్టర్ చెయ్యలేదు. మారు స్ట్రిప్‌లు తొమ్మిది రోజుల్లో వచ్చాయి, అందులో వంక లేదు. కానీ వాళ్ల లెటర్‌లో వాడకం ఆపండి, మిగిలినవి వెనక్కి పంపండి అని తప్ప, అప్పటిదాకా ఆ రీడింగులు చూసి పెంచిన ఇన్సులిన్ సంగతేమిటో ఒక్క ముక్క లేదు. డాక్టర్ గారు నోట్‌బుక్‌లో ఏడు వారాల పేజీలు అడ్డంగా కొట్టేసి డోసు మళ్లీ పాత లెక్కకి తెచ్చారు.

రీకాల్ అనగానే మెషీన్ పాడైందనుకుంటాం. 2010 డిసెంబరులో అమెరికాలో అబాట్ కంపెనీ వెనక్కి తీసుకున్నది స్ట్రిప్‌లనే, దాదాపు 35.9 కోట్లు. అవి రక్తాన్ని సరిగ్గా పీల్చుకోక షుగర్ ఉన్నదానికన్నా తక్కువ చూపేవి. మెషీన్ల వంతూ వస్తుంది. 2013లో లైఫ్‌స్కాన్ వాళ్ల వెరియో ఐక్యూ మీటర్‌ని రీకాల్ చేశారు. షుగర్ 1024 దాటితే అది ప్రమాద హెచ్చరిక చూపాల్సింది పోయి ఆఫ్ అయిపోయేది. ఆ స్థితిలో ఉన్న మనిషి చార్జింగ్ అయిపోయిందేమో అనుకుంటే ఇంకేముంది.

ఇప్పుడు కొత్త డబ్బా తెరిచిన రోజు లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాస్తాను, కంట్రోల్ సొల్యూషన్‌తో ఒకసారి చూస్తాను. సొల్యూషన్ సీసా మీద కూడా తెరిచిన తేదీ రాయాలి, మామూలుగా మూడు నెలలే దాని ఆయుష్షు. స్ట్రిప్‌ల అట్టపెట్టె పారేసినా డబ్బా మాత్రం ఖాళీ అయ్యాక నెల రోజులు ఉంచుతాను. ఒంట్లో చెమట, వణుకు ఉండి మీటర్ బాగుందంటే ముందు చక్కెర నీళ్లు, ఆ తర్వాతే లెక్కలు.

మీటర్‌కి ఐదుకి నాలుగు. స్ట్రిప్‌లకి మూడు. కబురు పంపిన తీరుకి ఒకటి, అదీ ఫోన్‌లో మర్యాదగా మాట్లాడినందుకు.

వేరే కంపెనీ మీటర్ ఇంకోటి పెట్టుకోమని చాలామంది అన్నారు. పెట్టుకున్నాం. ఒకే వేలి రక్తానికి ఒకటి 132 అంది, ఇంకోటి 149 అంది. రెండూ ఒప్పుకునే తేడా లోపలివే. నాన్నకి టెన్షన్ తప్ప తేలిందేమీ లేదు. అది ఇప్పుడు డ్రాయర్‌లో ఉంది.