16 కిలోమీటర్ల సైకిల్, 4 కిలోమీటర్ల దారి: 14 నెలల తర్వాత

విశాఖలో గాజువాక వైపు ఉన్నప్పుడు సిరిపురంలోని ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి. ఒకవైపు దాదాపు 16 కిలోమీటర్లు, గంట ప్రయాణం. మూడేళ్లు అలా తొక్కాను. అమ్మ మోకాళ్ల నొప్పులతో మేడమెట్లు ఎక్కలేకపోతోందని ఎంవీపీ కాలనీలో కింది వాటాకి మారి 14 నెలలైంది. ఇప్పుడు ఆఫీసు 4 కిలోమీటర్లు కూడా ఉండదు. "ఇంకేం, హాయి" అన్నారు అందరూ. సగమే హాయి.

పాత దారిలో శీలానగర్, ఎన్‌ఏడీ, తాటిచెట్లపాలెం, పొడుగునా లారీలే. ఇంటికొచ్చి ముఖం తుడుచుకుంటే తువ్వాలు నల్లబడేది. ఆ బాధ పోయింది, దానికి మాత్రం దణ్ణం. కానీ కాళ్లు దారిలో పడటానికి మూడు నాలుగు కిలోమీటర్లు పట్టేది, ఆ తర్వాత వాటంతటవే తిరిగేవి. ఇప్పుడు కాళ్లు దారిలో పడేసరికి ఆఫీసు వచ్చేస్తోంది.

పైగా ఎత్తంతా చివర్లోనే. పెదవాల్తేరు దాటాక తెలుస్తుంది. ఆ పక్కన వాల్తేరు అప్‌ల్యాండ్స్ అని పేరు ఊరికే పెట్టలేదు. గాజువాక నుంచి వచ్చినన్నాళ్లూ మంచి చొక్కా బ్యాగులో ఉండేది. ఇంత దగ్గరకి ఎందుకులే అని ఆఫీసు చొక్కాతోనే బయల్దేరి, మొదటి నెలంతా తడిసిన వీపుతో మీటింగుల్లో కూర్చున్నాను. చొక్కా, చిన్న తువ్వాలు మళ్లీ బ్యాగులోకి చేరాయి.

టైమ్ మిగులుతుందనుకున్నానా, అదీ లేదు. అప్పుడు ఏడున్నరకల్లా రోడ్డెక్కేవాణ్ణి. ఇప్పుడు తొమ్మిదింపావు దాకా పేపర్ చదువుతూ కూర్చుని, చివరికి పరుగే.

ఇక సైకిల్ సంగతి. నాది 21 గేర్లది, స్టీలు ఫ్రేమ్. గాజువాకలో చైన్‌కి నెలకోసారి నూనె వేస్తే చాలు. ఇక్కడ సముద్రం గాలి. పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి చైన్ ఇటుక రంగుకి తిరిగింది. చేత్తో వంచిన లింకు వంచినట్టే ఉండిపోయింది. మెకానిక్ చూసి, "ఇది తొక్కుతున్న బండి కాదండీ, నిలబెట్టిన బండి" అన్నాడు. కోపం వచ్చింది కానీ నిజమే. మునుపు రోజుకి 32 కిలోమీటర్లు తిరిగిన సైకిల్ ఇప్పుడు ఎనిమిది కూడా తిరగడం లేదు.

కొత్త చైన్ వేయించాను. ఎత్తు ఎక్కేటప్పుడు బాగానే ఉంది. చదును మీద స్పీడ్ గేర్‌లోకి మారిస్తే మాత్రం టక్కున జారింది. వెనక చక్రం దగ్గర కూర్చుని చూస్తే విషయం అర్థమైంది. ఫ్రీవీల్‌లో, అంటే వెనక చక్రం మధ్యలో చైన్ తిరిగే పళ్ల చక్రాల గుత్తిలో, స్పీడ్ గేర్‌కి వాడే చిన్న చక్రాల పళ్లు సొరచేప పళ్లలా ఒక పక్కకి అరిగిపోయాయి. హైవే మీద మూడేళ్లు వాటి మీదే నడిచింది మరి. ఎత్తుకి వాడే పెద్ద చక్రాలు కొత్తవాటిలా ఉన్నాయి. ఇలా అరిగిన పళ్ల మీద కొత్త చైన్ కూర్చోదు, రెండూ కలిపి మార్చాలి.

మార్చలేదు. ఆఫీసుకి పెద్ద చక్రాలే చాలు. వారానికి రెండుసార్లు గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తున్నాను, తుప్పు ఆగింది. ఆదివారాలు పొద్దున్నే భీమిలి వైపు వెళ్తున్నాను. ఓపిక లేనినాడు రుషికొండ దగ్గరే వెనక్కి. తెన్నేటి పార్కు దాటాక గాలి వెనక నుంచి వస్తే చెయ్యి అలవాటుగా స్పీడ్ గేర్ మీదకి పోతుంది. టక్.