గుడ్లదొంగలు, షార్ప్‌టూత్ పిల్ల: మా ఇంట్లో ఏళ్లుగా ఆడుతున్న 'ల్యాండ్ బిఫోర్ టైమ్' రెండో భాగం

'ల్యాండ్ బిఫోర్ టైమ్' అంటే డైనోసార్ పిల్లల కథలు చెప్పే ఇంగ్లిష్ కార్టూన్ సినిమాల వరస. దాని మొదటి భాగం చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు అదే మనసుతో రెండోది పెట్టుకుంటే తిట్టుకుంటారు. ఐదేళ్ల పోరగాడికి పెడితే మాత్రం వాడు అయిపోగానే మళ్లీ పెట్టమంటాడు. ఈ సినిమా గురించి ఎవరెన్ని మాటలన్నా సారాంశం ఇంతే. మా ఇంట్లో డీవీడీ గీతలు పడి మధ్యలో ఆగిపోవడం మొదలైతే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నాం. ఎండాకాలం సెలవులకు హనుమకొండలో మా ఇంటికి చుట్టాల పిల్లలు దిగితే ఇప్పటికీ ముందు అదే కావాలి.

మొదటిది 1988లో డాన్ బ్లూత్ తీసింది. స్పీల్‌బర్గ్, జార్జ్ లూకాస్ వెనకాల ఉన్నారు, జేమ్స్ హార్నర్ సంగీతం. కరువు, వలస, మధ్యలో తల్లి చనిపోవడం, అన్నీ పెద్దవాళ్లనే కుదిపేస్తాయి. 1994లో వచ్చిన రెండోదానికి రాయ్ అలెన్ స్మిత్ దర్శకుడు, థియేటర్ కోసం కాకుండా నేరుగా వీడియో క్యాసెట్ల కోసం తీశారు. తేడా మొదటి నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఆ చీకటి నీడలు, ఆ లోతు లేవు, రంగులు మాత్రం మెరుస్తుంటాయి, పైగా పాటలు. మొదటిది చిన్నప్పుడే చూసిన మా తమ్ముడు దీన్ని పది నిమిషాలు చూసి లేచిపోయాడు. "అన్నా, గిది కార్టూనే, సినిమా కాదు" అన్నాడు. వాడి మాట తప్పనలేను, కానీ నాకు ఆ పది నిమిషాల తర్వాతే అసలు కథ మొదలైనట్టు అనిపిస్తుంది.

కథ ఏంటంటే, మొదటి భాగంలోని పిల్లలు, పొడవు మెడ లిటిల్‌ఫుట్, సేరా, డకీ, పెట్రీ, స్పైక్ ఇప్పుడు పచ్చటి లోయలో పెద్దవాళ్ల మధ్య హాయిగా ఉన్నారు, మమ్మల్ని చిన్నపిల్లల్లా చూస్తున్నారన్న కోపం తప్ప ఇంకే కష్టం లేదు. ఓజీ, స్ట్రట్ అని ఇద్దరు గుడ్లదొంగలు డకీ వాళ్ల గూట్లోంచి గుడ్డు ఎత్తుకుపోతే పిల్లలు వెంటపడతారు. ఆ గలాటాలో కొండరాళ్లు దొర్లి లోయ గోడకు సందు పడుతుంది. పోయిన గుడ్డు దొర్లుకుంటూ గూటికే చేరిపోతుంది, అది తెలియక వీళ్లు బయట దొరికిన ఇంకో పెద్ద గుడ్డును మోసుకొస్తారు. అది పగిలితే అందులోంచి వచ్చేది షార్ప్‌టూత్ పిల్ల, అంటే మాంసం తినే టైరనోసారస్ పిల్ల!

ఇక్కడే సినిమా నిలబడింది. పెద్దల మాట వినకుండా బయటకు పోయిన పిల్లలకే ఇప్పుడు మాట వినని పిల్లాడు తగులుకుంటాడు. లిటిల్‌ఫుట్ వాడికి చోంపర్ అని పేరు పెట్టి, అమ్మానాన్నలా బుద్ధులు చెప్పబోతాడు, ఆకులు తిను అంటాడు, వాడికి అవి ఎక్కవు. వాడికి ఆకలి, సేరాను కొరికేస్తాడు. సేరా మండిపడి వెళ్లిపోతుంది. ఆ కొరికే సీన్‌లో మా చిన్నోడు పకపకా నవ్వుతాడు, మా అమ్మ మాత్రం ప్రతిసారీ ఒకటే మాట, "పాముకు పాలు పోసి సాకుతున్నరు, చూడు". దానికి వాడు ఒకరోజు టీవీ మీదనుంచి కళ్లు తిప్పకుండానే "కరుస్తడు గని నాయనమ్మా, మనోడే" అన్నాడు. సినిమాలో దీనికి ఓ పాటే ఉంది, నువ్వు ఇక మా వాడివి అని, కానీ నాకు మా వాడి మాటే నచ్చింది. ఆమె కూడా తర్వాత ఆ సామెత మానేసి, "గుడ్డు ఎవలిదో వాళ్లకిచ్చి రావాలె గదా" అని పట్టుకుంది. అదీ న్యాయమే. చోంపర్ తల్లిదండ్రులు గోడ సందులోంచి లోయలోకి దిగినప్పుడు పిల్లలు చూసేది రాక్షసులను, మా అమ్మ చూసేది బిడ్డను వెతుక్కుంటూ వచ్చినవాళ్లను. ఆ దిగే సీన్ మూడేళ్ల పిల్లలకు కొంచెం భయమే, పక్కన కూర్చోండి, రిమోట్ చేతికి ఇచ్చి వంటింట్లోకి పోవద్దు.

పాటల సంగతి. పదేళ్ల మా పెద్దది ముఖం మాడ్చుకుని ముందుకు తిప్పేస్తుంది, అందుకు రోజూ లొల్లి. గుడ్లదొంగల పాట ఒక్కటి సరదాగా ఉంటుంది, మిగతావి కథను ఆపి పాడినట్టే ఉంటాయి. మా దగ్గరున్నది ఇంగ్లిష్‌ది కాబట్టి మొదట్లో నేను పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్పేవాణ్ని, కొన్నాళ్లకు నా అవసరం లేకుండాపోయింది. డకీ అనే "యెప్, యెప్, యెప్" మాత్రం ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అన్నం తిన్నావా అంటే యెప్ యెప్ యెప్.

సైన్సు లెక్కలు తీస్తే తప్పులే తప్పులు. స్పైక్ స్టెగోసారస్, దానికీ టైరనోసారస్‌కూ మధ్య ఏడెనిమిది కోట్ల ఏళ్ల దూరం, ఒకే లోయలో ఉండే ముచ్చటే లేదు. గుడ్లదొంగల సంగతి ఇంకా తమాషా. ఓవిరాప్టర్ అని ఒక డైనోసార్‌కు 1924లో గుడ్లదొంగ అనే పేరే పెట్టేశారు, గుడ్ల పక్కన దొరికింది పాపం. మంగోలియాలో అలాంటి గుడ్డులోనే దాని జాతి పిల్ల పిండం కనిపించిందని ఈ సినిమా వచ్చిన 1994లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు, అంటే అది తన జాతి గుడ్లే కాపాడుకుంటోంది. సినిమాలో దొంగలు వేరే రకంలే, కానీ మచ్చ అదే.

నాకు ఈ సినిమా వల్ల అనుకోకుండా కలిసొచ్చింది ఇంకోటి. లిటిల్‌ఫుట్ లాంటివి మన దగ్గర ఉండేవా అని చిన్నోడు అడిగితే ఉండేవని ధైర్యంగా చెప్పగలిగా. భూపాలపల్లి దాటి ఉత్తరంగా పోతే వచ్చే యామన్‌పల్లి దగ్గర 840 ఎముకలు దొరికాయి, కనీసం 12 జంతువులవి. అదీ పొడవు మెడ జాతే, జురాసిక్ కాలం నాటిది. దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టింది 1988లో, సరిగ్గా మొదటి సినిమా వచ్చిన ఏడాది. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, పిల్లలున్నవాళ్లు తప్పకుండా చూపించండి. రెండు పళ్లు తప్ప తల దొరకలేదని చెప్తే మా వాడు అక్కడే నిలబడి "చోంపర్ వాళ్ల నాయన తినిండు కావచ్చు" అన్నాడు. కోట్ల ఏళ్ల తేడా అని చెప్పబోయి ఊరుకున్నా, పక్కనున్న పెద్దాయన పడీపడీ నవ్వుతున్నాడు.

మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకైతే నా మాట మీద పెట్టేయండి, ఐదుకు నాలుగు చుక్కలు. అంతకంటే పెద్దవాళ్లకు రెండున్నర, అదీ చోంపర్ కోసమే. మొదటి భాగం ముందు చూపించాలా అని అడుగుతారు, అవసరం లేదు, తల్లి చనిపోయే సీన్ కాస్త ఎదిగాక చూసినా నష్టం లేదు. ఆ తర్వాత మాత్రం జాగ్రత్త, మొత్తం 14 సినిమాలు, చివరిది 2016లో వచ్చింది, అన్నీ ఇంత బాగుంటాయని చెప్పను. 1997లో వచ్చిన ఐదోదాంట్లో చోంపర్ మళ్లీ వస్తాడు. మా చిన్నోడికి ఆ సంగతి ఇంకా తెలియదు, పరీక్షలు అయ్యేదాకా దయచేసి ఎవరూ చెప్పకండి.