పదాన్ని విడదీయడమా, పుట్టుకను వెతకడమా?

కొత్త ఇంగ్లిష్ పదాన్ని అర్థం చేసుకోవడానికి దాన్ని ఉపసర్గ, ధాతువు, ప్రత్యయాలుగా విడదీయవచ్చు, లేదా వ్యుత్పత్తి నిఘంటువులో దాని చరిత్ర చూడవచ్చు.

ఖర్చు: విడదీయడానికి ఏమీ అక్కర్లేదు, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వంటి బృహన్నిఘంటువుకు చందా కట్టాలి.

శ్రమ: మోయడాన్ని సూచించే లాటిన్ ధాతువు ‘పోర్ట్’ తెలిస్తే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టబుల్ కలిసి వస్తాయి, చరిత్రను ఒక్కో పదానికీ విడిగా వెతకాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. హ్యాంబర్గర్‌లో ‘హ్యామ్’ను చూసి పంది మాంసమనుకుంటే పొరపాటే, ఎందుకంటే ఆ పేరు జర్మనీలోని హాంబుర్గ్ నగరం నుంచి వచ్చింది. చరిత్రా దారి తప్పించగలదు: ‘నైస్’కు మూలమైన లాటిన్ పదానికి ‘తెలియనివాడు’ అని అర్థం.

పరీక్షార్థులకు, శాస్త్ర పరిభాష చదివేవారికి విడదీయడమే మేలు. పాత సాహిత్యం చదివేవారు, అనువాదకులు నిఘంటువు తెరవాల్సిందే.